నాలుగు గేర్లు వెనక్కి

మా మేనమామకు ఒక మోటారు పడవ ఉంది. ఈ మాట విన్నవాళ్లు మామను కాస్త ఉన్నవాడనుకుంటారు. పడవను చూశాక ఆ ఆలోచన మానుకుంటారు.

నల్లమద్ది చెక్క పడవ. నేను పుట్టకముందు నుంచి నీళ్లలోనే ఉంది. కుళ్లిన పలక తీసి కొత్త పలక వేస్తూ, కారిన చోటల్లా తారు పూస్తూ ఇన్నాళ్లు లాక్కొచ్చారు. మొదట వేసిన చెక్క ఇంకా ఏమైనా మిగిలిందా అని ఒకసారి అడిగితే మామ చాలాసేపు ఆలోచించి, "మనుషులు కూసునే జాగ అదే" అన్నాడు. రెండు కొసలూ ఒకే తీరుగా సన్నగా ఉంటాయి. కొత్తవాళ్లకు ఏది ముందో ఏది వెనకో తెలియదు. ఇంజను ఒకప్పుడు పొలానికి నీళ్లు తోడిన డీజిల్ ఇంజను. అది బోరుబావి వచ్చాక ఖాళీగా కూర్చోలేక నదిలోకి దిగింది. ఇంజనుకూ, నీళ్లలో తిరిగే పంకాకూ మధ్య ఒక గేర్‌బాక్సు. ముందుకు పోవడానికి ఒక గేరు, వెనక్కి రావడానికి ఒక గేరు. మామకు అంతకుమించి జీవితంలో ఏ కోరికా ఉండేది కాదు.

మామ ఊరు పాలకీడు దాటాక కృష్ణ ఒడ్డున ఉంటుంది. అవతలి ఒడ్డు ఆంధ్ర. మధ్యలో ప్రాజెక్టు నీళ్లు నిలిచి నది నిద్రపోతున్నట్టుంటుంది. ఇక్కడొక వంతెన కట్టాలని అందరికీ ఉంది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఎవరో వచ్చి నది వెడల్పు కొలుస్తారు. పోయినసారికీ ఇప్పటికీ నది ఏమైనా తగ్గిందేమోనని కాబోలు. కొలత కోసం అవతలికి వెళ్లాల్సి వస్తే వాళ్లు ఎక్కేది మామ పడవే.

మా రేవుకు ఒక కట్టుబాటుంది. అది ఎక్కడా రాసి లేదు. అందుకే ఇన్నాళ్లు నిలిచింది. ఆదివారం మా ఒడ్డున సంత. అవతలి ఒడ్డు జనాన్ని సంతకు తెచ్చే హక్కు ఒక్క పడవకే ఉంటుంది. దాన్ని వరస అంటారు. వరస ఉన్న పడవ సంత పొద్దున అవతలికి వెళ్లి, జనాన్ని ఎక్కించుకుని, సొంత ఇంజనుతో తిరిగి వచ్చి, మా రేవుకు మూతి ఆనించాలి. మూతి అంటే పడవ ముందు కొస. బయల్దేరే ముందు పడవ యజమాని భార్య ఆ కొసకు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టాలి. వరసగా మూడు సంతలు బొట్టుపెట్టిన మూతి రేవుకు ఆనకపోతే వరస ఇంకో పడవకు పోతుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి వరస మామదే.

బొట్టు పెట్టేది మా అత్త. అత్తకు పడవంటే సరిపడదు. దాన్ని ఆమె పడవ అని కూడా అనదు, సవతి అంటుంది. ప్రతి ఆదివారం పొద్దున్నే పళ్లెం పట్టుకుని వచ్చి, సవతికి చేయాల్సిన మర్యాదలన్నీ చేస్తూనే, తిట్టాల్సిన తిట్లన్నీ తిట్టి వెళ్లేది. పసుపు ఎంత మందంగా రాస్తే తిట్లు అంత మందంగా ఉండేవి. మామ ఆ రెంటినీ దీవెనల కింద జమ చేసుకునేవాడు.

నేను మిర్యాలగూడలో ఒక ప్రైవేటు కాలేజీలో కామర్స్ చెబుతాను. యంత్రాల గురించి నాకు తెలిసిందల్లా వాటి విలువ ఏటేటా తగ్గుతుందని. ఆదివారాలు అత్త చేతి చేపల పులుసు కోసం ఆ ఊరు వెళ్తుంటాను. మామ మాత్రం ఎవరి దగ్గరికి తీసుకెళ్లినా "మా అల్లుడు, కాలేజీల సారు" అని నన్ను ముందు నిలబెడతాడు. దాంతో ఎదుటివాళ్లు యంత్రం సంగతులు నాకు చెబుతారు. నేను తల ఊపుతాను. మామ నిశ్చింతగా ఉంటాడు. ముగ్గురిలో ఎవరికీ అర్థం కాని సంగతులు కూడా అలా సాఫీగా నడిచిపోతుంటాయి.

పడవకు బ్రేకు ఉండదు. రేవు దగ్గరికి రాగానే మామ ముందు గేరులోంచి నేరుగా వెనక గేరులోకి గుంజుతాడు. ఆ తట్టు రేవులన్నిటిలోనూ పడవ ఆపే పద్ధతి అదే. మధ్యలో న్యూట్రల్ అని ఒక మజిలీ ఉంది. అక్కడ కాస్త ఆగి పోవాలి. మామ ఏనాడూ ఆగలేదు. ఆగకుండా గుంజినప్పుడల్లా లోపల కరకరమని చప్పుడయ్యేది. "నవ్వుతది" అనేవాడు మామ. అన్నేళ్లు నవ్విన గేర్‌బాక్సు ఈమధ్య ఒక ఆదివారం పొద్దున నవ్వడం మానేసింది.

అప్పుడు పడవలో నేనూ ఉన్నాను. అవతలి ఒడ్డు నుంచి సంత జనంతో వస్తున్నాం. కోళ్ల గంపలు, ఎండుమిర్చి బస్తాలు, ఒక మోటారు సైకిలు, దాన్ని దిగకుండా దాని మీదే కూర్చున్న దాని యజమాని. నది మధ్యకు వచ్చాక లోపల ఏదో టక్కుమంది. ఇంజను బ్రహ్మాండంగా నడుస్తోంది. పడవ నడవడం లేదు.

"ఏమైంది మామా?" అన్నాను.

"ఏం కాలే. గేరు జర అలిగింది."

గేరు కడ్డీ మామ చేతిలో చుట్టానికి విసిరే విసనకర్రలా అటూ ఇటూ తేలిగ్గా ఊగుతోంది. కోళ్ల గంప ముందు కూర్చున్న ముసలమ్మ మాటలు ఆపి, "టిఫినుకేమైనా ఆపారా బాబూ?" అని అడిగింది. కాసేపటికి చేపలు పట్టేవాళ్లు రెండు తెప్పలతో వచ్చి, తాడు కట్టి, మోటారు పడవను తెడ్లతో లాక్కుంటూ రేవుకు చేర్చారు. మోటారు ఆ సమయంలోనూ నడుస్తూనే ఉంది. దాన్ని ఆపితే పరువు పోతుందని మామ ఆపలేదు.

రేవులో ఒక రాయి ఉంది. దాని మీద రేవు పెద్ద కూర్చుంటాడు. ఆయన పని చూడటం. చూసిందాన్ని ఒక్క మాటలో చెప్పడం. పడవ మూతి ఆనగానే ఆయన తాడును చూశాడు, తెప్పలను చూశాడు.

"గుంజుకొచ్చింది లెక్కకు రాదు" అన్నాడు.

ఒక సంత పోయింది.

ఆ సాయంత్రమే అవతలి ఒడ్డు నుంచి ఒకాయన పరామర్శకు వచ్చాడు. ఆయన కొత్తగా ఇనుప పడవ కొన్నాడు. అందులోనే వచ్చాడు. దానికి రంగు వేసి ఉంది, వాన పడకుండా కప్పు ఉంది, పాటలు పెట్టడానికి డబ్బా కూడా ఉంది. మనిషి మహా మర్యాదస్తుడు.

"అన్నా, మీరేం దిగులు పడమాకండి. మీది బాగయ్యేదాకా జనాన్ని నేను తిప్పుతాలే. మనలో మనకేంటి" అని మామ చెయ్యి పట్టుకున్నాడు. పట్టుకున్న చెయ్యి వదలకుండానే రేవు మెట్లను ఒకసారి చూసుకున్నాడు, ఇల్లు అద్దెకు తీసుకోబోయేవాడు గోడలు చూసుకున్నట్టు.

ఆయన వెళ్లాక మామ, "మంచోడు. గదే భయం" అన్నాడు.

వరస పోతే ఏం చేయాలన్నదానికి జవాబు అత్త దగ్గర తయారుగా ఉంది. సూర్యాపేటలో ఒక ఫంక్షన్ హాలుకు వాచ్‌మెన్ కావాలి. అత్త తమ్ముడు మాట్లాడి పెట్టాడు. ఉండటానికి ఒక గది, రాత్రి మిగిలిన పెళ్లి భోజనం. కాళ్లు తడవని ఉద్యోగం. రెండేళ్లుగా అత్త ఆ మాట రోజుకోసారి ఎత్తుతోంది. మామ రోజుకోసారి పడవ దగ్గర ఏదో పని గుర్తుకొచ్చి లేచి పోతున్నాడు. ఇప్పుడు లేచి పోవడానికి పడవే లేకుండా పోయేలా ఉంది.

గేర్‌బాక్సును విప్పి, ట్రాలీ ఆటోలో వేసుకుని మిర్యాలగూడ తెచ్చాం. రైసు మిల్లుల మధ్య ఒక వర్క్‌షాపు. అక్కడి మేస్త్రీ మూత విప్పి లోపలికి టార్చి వేసి చూశాడు. పళ్లు లేని ముసలివాడి నోట్లోకి చూసే డాక్టరులా మెల్లగా తల ఆడించాడు.

"పండ్లన్నీ రాలినయ్ సార్. దీనికి ఏం తాగిపిచ్చిన్రు?"

నేను మామ వైపు చూశాను. మామ ఆకాశం వైపు చూశాడు. ఏళ్ల తరబడి గేర్‌బాక్సులో ఏ నూనె దొరికితే ఆ నూనె పోశాడని నాకు తెలుసు. అందులో ఒకసారి పల్లినూనె కూడా ఉందని ఆ రోజే తెలిసింది. "ఒక్కపారే" అన్నాడు మామ, మందు అలవాటు లేదని చెప్పేవాడి గొంతుతో.

కొత్త పళ్లు కోసిస్తానన్నాడు మేస్త్రీ. అయితే అది వడ్ల సీజను. పట్టణంలో ప్రతి మిల్లుకూ ఏదో ఒకటి విరుగుతోంది. మిల్లు యజమాని కారులో వస్తాడు, మేము షేర్ ఆటోలో వస్తాం. మా గేర్‌బాక్సు వర్క్‌షాపు గుమ్మం పక్కన కూర్చుని, వచ్చే పోయే మిల్లు సామాన్లకు దారి ఇస్తూ ఉండిపోయింది. కాలేజీ అయ్యాక రోజూ వెళ్లి అడిగేవాణ్ణి. "రేపు పొద్దుగూకే వరకు" అనేవాడు. ఆ మాటలో అబద్ధం లేదు. రోజూ పొద్దు గూకేది.

అలా రెండో సంత కూడా పోయింది. ఇనుప పడవాయన జనాన్ని తిప్పాడు. ముసలమ్మ కోళ్లు పాటలు వింటూ వచ్చాయి.

చివరికి మేస్త్రీయే మమ్మల్ని కూర్చోబెట్టి నిజం చెప్పాడు. ఇది చేసిన కంపెనీనే ఇప్పుడు లేదు, దీనికి పళ్లు కోయడం తన వల్ల కాదు, సూర్యాపేటకు పొమ్మన్నాడు. హైవే మీద గుద్దుకున్న లారీలన్నీ అక్కడికే చేరుతాయి, వాటి పేగులన్నీ అక్కడే దొరుకుతాయి అని ధైర్యం చెప్పాడు.

సూర్యాపేటలో పాత సామాన్ల దుకాణం ముందు ఇరుసులు, స్ప్రింగు పట్టాలు, తలుపులు గుట్టలుగా పడి ఉన్నాయి. దుకాణం ఆయన ఫోనులోంచి తల ఎత్తకుండా అడిగాడు.

"బండి ఏది?"

"పడవ" అన్నాడు మామ.

"మోడల్?"

"చెక్క."

అప్పుడు తల ఎత్తాడు. తర్వాత పక్క దుకాణాల వాళ్లను పిలిచాడు. మేము కాసేపు అక్కడ చూడదగ్గ విషయంగా ఉన్నాం. ఒకాయన పడవకు హారన్ ఉంటుందా అని అడిగాడు. ఇంకొకాయనకు నదిలో పంక్చర్ అయితే ఏం చేస్తారో తెలుసుకోవాలని ఉంది. అందరికీ సమాధానాలు చెప్పాక, దుకాణం ఆయన ఒక పాత లారీ గేర్‌బాక్సును కాలితో తట్టి, ఇది పెట్టుకోండి అన్నాడు. లారీదే కదా అని నేను సందేహించాను.

"దానికేం ఎరుక సార్, అది రోడ్డు మీద ఉన్నదా నీళ్లల్ల ఉన్నదా అని? ఇంజను తిప్పితే తిరుగుతది. నాలుగు గేర్లు ముందుకు, ఒకటి ఎనక్కి."

"నాలుగా?" అన్నాడు మామ.

ఒక్క గేరుతో బతుకంతా వెళ్లదీసిన మనిషి. మిగతా బేరమంతా నేనే చేశాను, అదేదీ ఆయన చెవిన పడలేదు. గేర్‌బాక్సు పక్కన గొంతుక్కూర్చుని, దాని కడ్డీని ఒకటి, రెండు, మూడు, నాలుగు అని కదిలించి చూసుకుంటున్నాడు.

బస్టాండుకు పోయే దారిలోనే ఆ ఫంక్షన్ హాలు. మామే ఆగాడు. గేటు పక్కన రేకు నీడ కింద ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉంది. ఒక కాలు విరిగితే తీగతో కట్టారు. ఎవరూ లేరు. మామ వెళ్లి అందులో కూర్చున్నాడు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, ఎదురుగా రోడ్డు మీద పోయే లారీలను చూశాడు. నాలుగైదు లారీలు పోయాక లేచాడు.

"ఎట్లున్నది మామా?"

"కదలదు" అన్నాడు.

బస్సులో పాలకీడు దాకా డ్రైవరు గేర్లు మార్చడం చూస్తూ కూర్చున్నాడు.

లారీ గేర్‌బాక్సును పంపు ఇంజనుకు అతికించే మొనగాడు కోదాడలో ఉన్నాడని అందరూ చెప్పారు. లారీలు బాగుచేసే మేస్త్రీ. సరిహద్దు ఊరి మనిషి కాబట్టి మాటలో మర్యాద అవతలి ఒడ్డుది, తొందర ఇవతలి ఒడ్డుది. "మీరేం కంగారు పడకండి సార్. లారీకి పెట్టేదే దీనికీ పెడతాం. దీనికి చక్రాల్లేవు, ఇంకా తేలిక" అన్నాడు. అన్నట్టే మధ్యలో ఒక ఇనుప పలక వెల్డింగు చేయించి, శుక్రవారం గేర్‌బాక్సుతో సహా రేవుకు వచ్చాడు.

పడవను ఒడ్డు మీదికి లాగి పెట్టాం. మధ్యాహ్నానికి బిగించేశాడు. ఇంజను పట్టించి మొదటి గేరు వేయగానే పంకా గిర్రున తిరిగింది. చూసేవాళ్లు చప్పట్లు కొట్టారు. పంకా తిరుగుతుందా లేదా అన్నదే అప్పటిదాకా అందరి బాధ. తిరిగింది. ఎటు తిరుగుతోందని ఎవరూ అడగలేదు. గాలిలో తిరిగే పంకా ఎటు తిరిగినా ముచ్చటగానే ఉంటుంది. రెండో గేరు, మూడో గేరు, నాలుగో గేరు వేయించుకుని మరీ చూశారు. నాలుగో గేరుకు వచ్చిన గాలికి రేవు పెద్ద తలగుడ్డ ఊడింది. మామ ముఖంలో అంత వెలుగు నేను మా అమ్మానాన్నల పెళ్లి ఫొటోలో, ఆయన పదేళ్ల ముఖంలో మాత్రమే చూశాను.

ఇక నిమ్మకాయల దగ్గర చర్చ వచ్చింది. కొత్త సామాను పడ్డ బండి నిమ్మకాయలు తొక్కకుండా కదలకూడదని కోదాడ మేస్త్రీ నియమం. చక్రాలు లేని బండి నిమ్మకాయలను దేనితో తొక్కాలన్నది ఎవరికీ ఎదురుకాని ప్రశ్న. చివరికి పడవ అడుగు దూలం కింద పెట్టి, అందరూ కలిసి నీళ్లలోకి తోశారు. నిమ్మకాయలు బురదలోకి దిగి, నలగకుండా పైకి తేలి, పడవకంటే ముందే నది మధ్యకు బయల్దేరాయి. శుభమేనన్నాడు మేస్త్రీ. కోదాడలో లారీ ఎదురుచూస్తోందని మోటారు సైకిలు ఎక్కి వెళ్లిపోయాడు.

మామ పైపంచె నడుముకు చుట్టి, నదికి దండం పెట్టి, మొదటి గేరు వేశాడు. పడవ వచ్చిన దారినే వెనక్కి వచ్చి, ఒడ్డు ఎక్కబోయింది.

మొదటిది సరిగా పడలేదేమోనని మామ రెండోది వేశాడు. పడవ ఇంకా ఉత్సాహంగా ఒడ్డెక్కింది.

నేను కోదాడ మేస్త్రీకి ఫోను చేశాను. వెనక హారన్ల మోతలోంచి ఆయన గొంతు ప్రశాంతంగా వచ్చింది.

"ఓహో, అదా సార్. మీ పాత బాక్సు ఇంజను తిరిగే తీరును తిప్పి పంకాకు ఇచ్చేదన్నమాట. లారీ బాక్సు తిప్పదండి, ఉన్నదున్నట్టు ఇస్తుంది. ఏం పర్లేదు. ఇప్పుడు మీకు వెనక్కి నాలుగు గేర్లు, ముందుకు ఒకటి. రివర్సు వేసుకోండి, ముందుకెళ్లిపోద్ది."

ఎదురు తిరిగే పంకా వేసుకోవచ్చు కదా అంటే, విజయవాడలో పోత పోయించి తెప్పిస్తానన్నాడు. వచ్చే వారంలో అన్నాడు. మూడో సంత ఎల్లుండి.

అత్త ఒడ్డు మీద నిలబడి ఇదంతా విన్నది.

"ముందుకు పోనీకి ఒక్కటి, ఎనక్కి పోనీకి నాలుగు" అంది. "అచ్చం ఈయన లెక్కనే ఉన్నది."

ఆ రాత్రి ఆమె తమ్ముడికి ఫోను చేసింది. కుర్చీ సోమవారం దాకా ఖాళీగా ఉంచుతామని ఫంక్షన్ హాలువాళ్లు చెప్పారట.

ఆదివారం పొద్దున అత్త పళ్లెంతో వచ్చింది. మూతికి పసుపు రాసింది, బొట్టు పెట్టింది. ఆ రోజు తిట్లు లేవు. మామ అది గమనించి దిగులు పడ్డాడు.

లారీ రివర్సు గేరు వేసుకుని ముందుకు బయల్దేరాం. రివర్సు గేరు పుట్టింది బండిని సందులోంచి రోడ్డు మీదికి తీయడానికి. దాన్ని కృష్ణానది దాటించమంటే ఏడుస్తుంది. మాది కూడా ఏడ్చింది. ఆ ఏడుపు రెండు రాష్ట్రాలకూ వినిపించింది. పైగా కడ్డీ ఉన్న చోట ఉండకుండా ఊడి వస్తోంది. దాన్ని రెండు చేతులతో అదిమి పట్టుకోవడం నా బాధ్యత. చేపలు పట్టే తెప్పలు తెడ్లతోనే మమ్మల్ని దాటి పోయాయి. అవతలి రేవు ఇంకో నాలుగు బారల దూరంలో ఉందనగా లోపల టకటకమని ఏవో రాలాయి. ఏడుపు ఆగిపోయింది. మిగిలిన ఊపుతో రేవు చేరాం.

మామ కడ్డీని అన్ని వైపులా వేసి చూశాడు. రివర్సు పోయింది. మిగతా నాలుగూ భేషుగ్గా ఉన్నాయి. నాలుగూ వెనక్కే.

ఇనుప పడవాయన అక్కడే ఉన్నాడు. పాటలు పెట్టి ఉంచాడు. జనం ఆయన పడవకూ మా పడవకూ మధ్య సంచులతో నిలబడి ఉన్నారు.

"పోనీలే అన్నా" అన్నాడాయన. "జనాన్ని నేను ఎక్కించుకుంటాలే. మీరు నింపాదిగా చూసుకోండి."

మామ కడ్డీ వదిలాడు. చుక్కానిని కదలకుండా తాడుతో కట్టేశాడు. పొడుగాటి తెడ్డు ఒకటి తీసుకుని మూతి దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. అక్కడి నుంచి జనం వైపు తిరిగి, "ఎక్కుండ్రి. జర ఎనక్కి పోతం, గంతే" అన్నాడు.

ఎవరూ కదల్లేదు. కోళ్ల గంప ముసలమ్మ కదిలింది. "ఏ తట్టు నుంచి పోతే ఏంట్రా నాయనా, సంతకేగా" అంటూ ఎక్కి, ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుని, ముఖం మాత్రం ఇటు నుంచి అటు తిప్పుకుంది. ఆమెను చూసి మిగతావాళ్లు ఎక్కారు. మోటారు సైకిలాయన తన బండిని కూడా తిప్పి పెట్టించుకుని, దాని మీద కూర్చున్నాడు.

మామ మూతి దగ్గర తెడ్డుతో దిక్కు చూడాలి. గేర్లు నేను చూడాలి. కామర్స్ చదివిన నా చేతికి నాలుగు గేర్లు రావడం అదే మొదలు. ఒకటి వేశాను. పడవ తోక ముందు పెట్టుకుని రేవు వదిలింది. రెండు వేశాను. సాఫీగా ఉంది. "మూడు వెయ్" అన్నాడు మామ. మూడు వేస్తే తోక మీదుగా నీళ్లు లోపలికి వచ్చాయి. మళ్లీ రెండుకు దిగాం. పడవ మొత్తం మీద మా ఒడ్డు వైపే పోతోంది. మధ్యమధ్యలో మాత్రం దాని అభిప్రాయాలు దానికి ఉన్నాయి. ఒకసారి నల్గొండ జిల్లా వైపు, ఒకసారి సముద్రం వైపు తిరిగేది. మామ తెడ్డుతో బతిమాలి దారికి తెచ్చేవాడు. ఇనుప పడవాయన తన ఖాళీ పడవను మా పక్కనే మెల్లగా నడుపుకుంటూ వచ్చాడు. మాకేమైనా అయితే సాయం చేద్దామని. ఆ మంచితనంలోనే మా కంటే ముందు రేవు చేరుకున్నాడు.

రేవులో జరిగింది నాకు తర్వాత చెప్పారు. సంతకు వచ్చినవాళ్లంతా ఫోన్లు ఎత్తి పట్టుకుని ఒడ్డున నిలబడ్డారు. రేవు పెద్ద రాయి మీద నుంచి లేచాడు. ఆయన లేచి నిలబడటం ఈ మధ్య ఎవరూ చూడలేదు. ఇనుప పడవాయన ఆయన దగ్గరికి వెళ్లి, నేనేం అనడం లేదు పెద్దాయనా, అయితే అది తోక, మూతి కాదు, బొట్టు చూస్తే ఆ కొసకు ఉంది, కట్టుబాటు అందరికీ ఒకటే కదా అన్నాడు. జనంలో కొందరు నిజమే అన్నారు. కొందరు ఇంజను సొంతదే కదా అన్నారు. రేవు పెద్ద వస్తున్న పడవను చూస్తూ ఉండిపోయాడు. ఆయన ఒక్క మాటలో చెప్పలేని సంగతి అదే మొదటిది.

మేము రేవుకు దగ్గరవుతున్నాం. నేను రెండో గేరులో ఉన్నాను. అప్పుడు చూశాను, అత్త నీళ్లలోకి దిగుతోంది. చీర కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తి పట్టుకుంది. రెండో చేతిలో పళ్లెం. మోకాళ్లు దాటాయి నీళ్లు. నేరుగా మా వైపు, అంటే పడవ తోక వైపు వస్తోంది. తోక కిందే పంకా తిరుగుతోంది.

మామ తెడ్డు వదిలేశాడు.

"న్యూట్రల్!" అని అరిచాడు. "న్యూట్రల్ల పెట్టు అల్లుడా! న్యూట్రల్!"

ఆ మాట ఆయన నోట అప్పటిదాకా నేను వినలేదు. బహుశా ఆ రేవులోనే ఎవరూ విని ఉండరు. కడ్డీని మధ్యకు లాగాను. పంకా ఆగింది. ఇంజను మాత్రం నడుస్తోంది. పడవ మెల్లగా, చప్పుడు లేకుండా జారుతూ వెళ్లి అత్త ముందు ఆగినంత పని చేసింది. ఆమె తోక కొసకు అరచేత్తో పసుపు రాసింది. రాసేటప్పుడు ఆమె పెదాలు కదులుతున్నాయి. తిట్లు మళ్లీ మొదలయ్యాయని అర్థమై మామ ఊపిరి పీల్చుకున్నాడు. బొట్టు పెట్టి, పక్కకు తప్పుకుంది. మిగిలిన ఊపుతో పడవ పోయి రేవు మెట్టుకు ఆనింది.

రేవు పెద్ద వంగి పసుపును చూశాడు. ఇంజను చప్పుడు విన్నాడు. ఇనుప పడవాయన ఏదో అనబోయి, మర్యాదస్తుడు కాబట్టి ఆగాడు.

"ఆనింది" అన్నాడు రేవు పెద్ద. వెళ్లి తన రాయి మీద కూర్చున్నాడు.

జనం దిగి సంతకు పోయారు. ముసలమ్మ దిగేటప్పుడు, పాటలు లేకపోయినా గాలి బాగా వచ్చిందని చెప్పి పోయింది. మామ పడవ దిగి, తడిసిన చీరతో ఒడ్డున నిలబడ్డ అత్త దగ్గరికి వెళ్లాడు. చీర వైపు చూశాడు.

"తడిసినవ్" అన్నాడు.

"సవతికి బొట్టు పెట్టేతందుకు దిగిన. నీకోసం కాదు."

"మరి రేపు సూర్యాపేట?"

"ఆ కుర్సీకి ఒక కాలు ఇరిగిందంటివి గద" అంది అత్త, చీర పిండుకుంటూ. "కూసుంటే పడ్తవ్. మల్ల నిన్ను దవాఖానకు ఎవలు తిప్పుతరు?"

తర్వాతి వారం విజయవాడ నుంచి ఎదురు తిరిగే పంకా వచ్చింది. అన్న వారంలోనే రావడంతో దాన్ని చాలామంది వచ్చి చూసిపోయారు. ఇప్పుడు పడవకు ముందుకు నాలుగు గేర్లున్నాయి. వెనక్కి ఒక్కటీ లేదు. రివర్సు పళ్లు ఇంకా కృష్ణ దాటిన నాటి స్థితిలోనే ఉన్నాయి, కోదాడ మేస్త్రీ రేపు వస్తానంటున్నాడు. వెనక గేరు లేదు కాబట్టి బ్రేకు కూడా లేదు. అందుకని మామ రేవు ఇంకా చాలా దూరం ఉండగానే కడ్డీని న్యూట్రల్‌లోకి తెచ్చి, చేతులు కట్టుకుని కూర్చుంటాడు. పడవ దానంతట అది నింపాదిగా వచ్చి ఆనుతుంది. ఎక్కడ న్యూట్రల్ చేయాలో తనకు తప్ప ఈ నది మీద ఎవరికీ తెలియదని చెబుతుంటాడు.

అత్త ఆదివారం ఆదివారం మూతికి పసుపు రాసి బొట్టు పెడుతుంది. తర్వాత పళ్లెం పట్టుకుని అటు నుంచి తిరిగి వచ్చి తోకకు కూడా పెడుతుంది. పంకా మార్చాం కదా, ఇంకా రెండు కొసలకూ ఎందుకని మొన్న అడిగాను.

"మీ మామ సంగతి తెల్వదా?" అంది. "మళ్లొకపారి నీళ్లల్ల ఎవలు దిగుతరు?"